జావా వరిమళ్లలో పుట్టిన పొలంబడి

తెలుగు రైతులు పొలంబడి అని పిలుచుకునే రైతు క్షేత్ర పాఠశాల 1989లో ఇండొనేషియాలోని జావా దీవిలో, యోగ్యకర్త ప్రాంతపు వరిమళ్ల గట్ల మీద మొదలైంది. గోడలు, నల్లబల్ల, పాఠ్యపుస్తకం లేని బడి అది. నాట్లు మొదలుకొని కోతల దాకా వారానికో పూట పాతిక మంది రైతులు ఒక మడి దగ్గర చేరి, పైరును, దాని మీది పురుగులను తామే పరిశీలించి, మందు కొట్టాలా వద్దా అన్నది తామే తేల్చుకునేవారు. సమగ్ర సస్యరక్షణ అనే శాస్త్రం పరిశోధన కేంద్రాల గడప దాటి రైతు చేతికి అందింది ఇక్కడే. ఆ అవసరాన్ని తెచ్చిపెట్టింది సుడిదోమ.

1966లో ఫిలిప్పీన్స్‌లోని లాస్ బాన్యోస్ నుంచి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్ 8 వంగడాన్ని విడుదల చేసింది. ఆసియా వరి సాగు తీరు అప్పటి నుంచి మారిపోయింది. పొట్టి రకం విత్తనం, యూరియా, కాలువ నీరు, పురుగుమందు అన్నీ కలిపి ఒకే మూటగా రైతుకు చేరాయి. ఇండొనేషియాలో ఈ మూటను ఊరూరికీ మోసుకెళ్లింది బిమాస్ అనే ప్రభుత్వ పథకం. 1960ల చివర్లో విదేశీ కంపెనీలతో ఒప్పందాలు చేసుకుని జావా వరిచేల మీద విమానాలతో మందు చల్లించారు కూడా. పురుగు ఉందా లేదా అని చూసే పని లేదు. నాటిన ఇన్నో రోజుకు ఒకసారి, పొట్ట దశలో మరోసారి అని తేదీల ప్రకారం కొట్టడమే ఆనాటి సస్యరక్షణ. మందు ధరలో అధిక భాగాన్ని ప్రభుత్వమే భరించింది. 1980ల నాటికి ఆ సబ్సిడీ 80 శాతం దాటింది. అంత చౌకగా దొరికే మందును పొదుపుగా వాడాలని ఏ రైతుకూ తోచదు.

అంతకు ముందు సుడిదోమను ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు. దుబ్బు అడుగున, నీటికి కాస్త పైన చేరి రసం పీల్చే గోధుమరంగు పురుగు అది. ఎక్కువగా చేరితే పైరు గుండ్రంగా, సుడులు సుడులుగా ఎండిపోతుంది. గోదావరి, కృష్ణా డెల్టా రైతులు దోమపోటు అనేది దీన్నే. 1970ల్లో కేరళ కుట్టనాడులో, ఫిలిప్పీన్స్‌లో, జావాలో ఈ పురుగు ఒక్కసారిగా విజృంభించింది. దోమను తట్టుకుంటుందని 1973లో ఐఆర్ 26 రకాన్ని తెస్తే రెండు మూడేళ్లలోనే దాని మీదా బతకగల దోమ తయారైంది. 1976-77లో ఇండొనేషియా పంట ఎంతగా దెబ్బతిందంటే, 1977లో ఆ దేశం దాదాపు 20 లక్షల టన్నుల బియ్యం దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. ఐఆర్ 36 వంటి కొత్త రకాలతో గండం కొన్నాళ్లు వాయిదా పడిందే తప్ప తొలగిపోలేదు.

ఇంత మందు కొడుతుంటే దోమ ఎందుకు పెరుగుతోంది? దీనికి జవాబు వెతికినవారిలో పీటర్ కెన్‌మోర్ ముఖ్యుడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థిగా 1970ల చివర్లో ఫిలిప్పీన్స్ వరిచేలల్లో ఆయన చేసిన పరిశోధన 1980లో డాక్టరేట్ సిద్ధాంతగ్రంథంగా వెలువడింది. మందు కొట్టిన మడిని, కొట్టని మడిని పక్కపక్కన పెట్టి లెక్కిస్తే, కొట్టిన మడిలోనే దోమ విపరీతంగా పెరుగుతోందని తేలింది. కారణం దోమ జీవితంలోనే ఉంది. ఆడ దోమ గుడ్లను ఆకుతొడిమ కణజాలంలోకి చొప్పిస్తుంది. పైన పడిన మందు వాటిదాకా వెళ్లదు. ఆ మందుకు ముందుగా చచ్చేవి పైరు మీద తిరిగే సాలీళ్లు, దోమ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులు, అక్షింతల పురుగులు, నీటి మీద పరుగెత్తే చిన్న నల్లులు. వారం పది రోజుల్లో గుడ్లు పొదిగి పిల్లదోమలు బయటికొచ్చేసరికి వాటిని తినే ప్రాణి మడిలో ఉండదు. రైతు దోమను చూసి మళ్లీ కొడతాడు, దోమ మళ్లీ పెరుగుతుంది. శత్రువును చంపుతున్నాననుకుంటూ రైతు తన కాపలాదారులనే చంపుకుంటున్నాడని లెక్కలతో సహా రుజువైంది.

ఇండొనేషియా ఈ సంగతిని ఒంటపట్టించుకోవడానికి మరో దెబ్బ తినాల్సి వచ్చింది. 1984లో దేశం బియ్యంలో స్వయంసమృద్ధి సాధించినట్టు ప్రకటించుకుంది. 1985లో అధ్యక్షుడు సుహార్తో రోమ్ వెళ్లి, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వేదిక మీద ఆ విజయాన్ని చాటాడు. అదే రోజుల్లో మధ్య జావాలో దోమపోటు మళ్లీ మొదలైంది. ఇండొనేషియా కీటక శాస్త్రవేత్త ఇడా న్యోమన్ ఓకా, అప్పటికి ఆహార వ్యవసాయ సంస్థ వరి కార్యక్రమంలో పనిచేస్తున్న కెన్‌మోర్, ఇంకొందరు కలిసి జాతీయ ప్రణాళికా సంస్థ అధికారులకు విషయం వివరించారు. వ్యవసాయ శాఖలో మందుల అమ్మకాలతో ముడిపడిన ప్రయోజనాలు బలంగా ఉన్నందున, ప్రణాళికా సంస్థను ఆశ్రయించడం తెలివైన పని. 1986 నవంబరు 5న వెలువడిన అధ్యక్ష ఆదేశం నం. 3 వరిపై 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది, సమగ్ర సస్యరక్షణే దేశ విధానమని ప్రకటించింది. సబ్సిడీని దశలవారీగా తగ్గించి 1989 ఆరంభానికి పూర్తిగా ఎత్తేశారు. దాంతో ఏటా 10 కోట్ల డాలర్లకు పైగా ఖజానాకు మిగిలింది. ఆ తర్వాతి కొన్నేళ్లలో వరిపై మందుల వాడకం సగానికి పైగా పడిపోయింది. ధాన్యం దిగుబడి తగ్గకపోగా పెరిగింది. పొలంబడి చరిత్ర చెప్పేటప్పుడు చాలామంది ఈ అధ్యాయాన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. అది సరికాదు. మందు చౌకగా ఉన్నంతకాలం ఏ బడీ రైతు చేత స్ప్రేయర్‌ను కింద పెట్టించలేదు.

నిషేధం మందును ఆపుతుంది, పొలాన్ని చదవడం నేర్పదు. మొదటి రెండేళ్లలో అధికారులు తమకు అలవాటైన దారినే పట్టారు. పైనుంచి కిందికి దిగే సందేశం, దాన్ని రైతుకు అప్పజెప్పే విస్తరణాధికారి, గంటల తరబడి ఉపన్యాసం. ఫలానా పురుగు కుదురుకు ఇన్ని దాటితే ఫలానా మందు కొట్టాలన్నది ఆ సందేశం. ఆర్థిక నష్ట పరిమితి అనే ఆ సూత్రం కాగితం మీద చక్కగా ఉంటుంది. పొలంలో మిత్ర పురుగులెన్ని ఉన్నాయో, వాన పడబోతోందో, పైరు ఏ దశలో ఉందో ఆ అంకెకు తెలియదు. వయోజన విద్యలో అనుభవమున్న రస్ డిల్ట్స్, కీటక శాస్త్రవేత్త కెవిన్ గాలగర్ వంటివారు కార్యక్రమంలో చేరాక బోధన తీరే మారింది. 1989-90లో యోగ్యకర్త నాలుగు జిల్లాల్లో 200 బడులతో తొలి విడత నడిచింది. మరుసటి ఏడాదికే జావా, సుమత్రా, దక్షిణ సులవేసి ప్రాంతాల్లో మరో 1,800 బడులు తెరిచారు. ఇండొనేషియా భాషలో వీటి పేరు సెకోలా లపంగన్.

బడి నడిపేవారి శిక్షణలోనే దీని ప్రత్యేకత కనిపిస్తుంది. చీడల పరిశీలకులనే చిన్న స్థాయి ప్రభుత్వ ఉద్యోగులను ఎంపిక చేసి, ఒక సీజనంతా వాళ్ల చేతనే దుక్కి దున్నించి, నారు పోయించి, వరి పండించారు. పంట పండించనివాడు రైతుకు చెప్పగలిగిందేమీ లేదన్నది అక్కడి నియమం. వ్యవసాయ పట్టా చేతికొచ్చినా కాళ్లకు బురద అంటని ఉద్యోగికి అది కష్టమైన పరీక్షే. మూడు దశాబ్దాల తర్వాత చూసినా, ఈ ఒక్క నియమం ఆ కార్యక్రమ నాణ్యతను కాపాడినంతగా మరేదీ కాపాడలేదని ఒప్పుకోవాలి.

బడి జరిగే రోజు రైతులు పొద్దున్నే మడి దగ్గరికి వస్తారు. అక్కడ రెండు ముక్కలుంటాయి. ఒకదాంట్లో ఊరివాళ్లు ఎప్పుడూ చేసే పద్ధతి, మరోదాంట్లో వారం వారం చూసి నిర్ణయం తీసుకునే పద్ధతి. అయిదుగురు చొప్పున జట్లుగా విడిపోయి మడిలోకి దిగి, మూల నుంచి మూలకు నడుస్తూ పది దుబ్బులు చూస్తారు. ఒక్కో దుబ్బు దగ్గర కూర్చుని ముందు మొదలు పరిశీలిస్తారు. దోమ ఉండేది అక్కడే. తర్వాత పిలకలు లెక్కపెడతారు, ఆకులను వేళ్ల మధ్య తిప్పి చూస్తారు. చచ్చిన మొవ్వు కనిపిస్తే లాగి చీల్చి, లోపల కాండం తొలుచు పురుగు ఉందో లేదో తేల్చుకుంటారు. పేరు తెలియని పురుగును ప్లాస్టిక్ సంచిలో వేసుకుంటారు. గట్టెక్కాక చెట్టు కింద పెద్ద కాగితం పరిచి, మధ్యలో ఆ వారం పైరు ఎంత ఎత్తుంటే అంత తీరుగా వరి దుబ్బు బొమ్మ గీస్తారు. ఒక పక్క పైరును తినే పురుగులు, మరో పక్క వాటిని తినే పురుగులు, వాటి కింద అంకెలు. పైన సూర్యుడో మబ్బో, అడుగున నీటి మట్టం. దీన్ని పంట పర్యావరణ విశ్లేషణ అన్నారు. అక్షరం రాని రైతు కూడా గీయగలిగేదిది. ఒక్కో జట్టు తన బొమ్మను పట్టుకుని లేచి, ఈ వారం ఏం చేయాలో, ఎందుకో చెబుతుంది. మిగతావాళ్లు ఒప్పుకుంటారు, లేదా నిలదీస్తారు.

ఎవరైనా ఒక పురుగును చూపి ఇదేమిటని అడిగితే బడి నడిపే వ్యక్తి పేరు చెప్పకూడదు. ఎక్కడ దొరికింది, అక్కడ ఏం చేస్తోంది, అలాంటివి ఎన్ని ఉన్నాయి అని ఎదురు ప్రశ్నలు వేయాలి. లాటిన్ పేరు చెబితే రైతు తల ఊపి మర్చిపోతాడు. అది ఏం తింటోందో తన కళ్లతో చూస్తే మరుసటి ఏడాదీ గుర్తుంటుంది. అందుకే కుండీలో వరి మొక్క నాటి, చుట్టూ సన్న తెర కట్టి, లోపల దోమలనూ ఒక సాలీడునూ వదిలేవారు. దీనికి కీటకాల జూ అని పేరు. తోడేలు సాలీడు రోజుకు 5 నుంచి 15 పురుగుల దాకా తింటుంది. మూడు రోజులు లెక్కపెట్టిన రైతుకు దోమను అదుపులో పెట్టేదెవరో మరొకరు చెప్పాల్సిన పని ఉండదు.

ఇంకో ప్రయోగం ఆకుల కత్తిరింపు. ఆకుముడత పురుగు పడి తెల్లబారిన ఆకు చూడగానే రైతు గుండె ఝల్లుమంటుంది, వెంటనే డీలర్ దగ్గరికి పరుగెడతాడు. బడిలో పైరు పిలకలు వేసే దశలో కొన్ని దుబ్బుల ఆకులను పావు వంతు, కొన్నింటివి సగం కత్తెరతో కోసి, పుల్ల పాతి గుర్తు పెట్టేవారు. కొన్ని పిలకలను మొదటికే తుంచేవారు. కోత నాడు గింజలు తూచి చూస్తే, తొలి దశలో పోయిన ఆకును, పిలకను వరి చాలావరకు పూడ్చుకుంటుందని తేలేది. నాటిన మొదటి నెలలో కొట్టే మందులో అధిక భాగం అనవసరమని ఈ ప్రయోగం చెప్పినంత సూటిగా ఏ కరపత్రమూ చెప్పలేదు. తెల్లచొక్కా తొడుక్కుని రంగునీళ్లను స్ప్రేయర్‌తో కొట్టి, ఆఖర్న చొక్కా మీద, చేతుల మీద పడిన మరకలు చూసుకునే పాఠం మరొకటి. సీజను మొదట్లోనూ చివరా మళ్లలోనే పరీక్ష జరిగేది. నిజమైన పురుగును, నిజమైన తెగులు ఆకును చూపి, జవాబుకు చీటీ వేయించేవారు.

శాస్త్రవేత్తలు కూడా ఈ బడుల పక్కనే కొత్త సంగతులు నేర్చుకున్నారు. విలియం సెటిల్, ఆయన సహచరులు జావా మళ్లలో చేసిన పరిశోధన 1996లో వెలువడింది. నాట్లు వేసిన తొలి వారాల్లో, దోమ ఇంకా రాకముందే, మడిలో సాలీళ్లు ఎందుకు ఉంటాయన్నది వాళ్ల ప్రశ్న. నీటిలో కుళ్లే గడ్డీ గాదం, నాచు తిని బతికే చిన్న ఈగలు, సూక్ష్మ పురుగులు అప్పటికే మడి నిండా ఉంటాయి. వాటిని తింటూ మిత్ర పురుగుల సంఖ్య పెరుగుతుంది. దోమ వచ్చేసరికి కాపలా సిద్ధంగా ఉంటుంది. తొలి నెలలో మందు కొడితే ఈ గొలుసు మొదట్లోనే తెగుతుంది. మడిలో వేసిన పశువుల ఎరువు పురుగుల నుంచి రక్షణకు కూడా పనికొస్తుందని దీంతో తెలిసింది.

1990లో పశ్చిమ జావా ఉత్తర తీరంలో కరవాంగ్, ఇంద్రమాయు ప్రాంతాల్లో తెల్ల కాండం తొలుచు పురుగు తీవ్రంగా వచ్చింది. మళ్లీ గుళికల మందు పంచాలన్న ఒత్తిడి పెరిగింది. అప్పటికి బడి చదివిన రైతులు, పిల్లలు, ఊరి జనం నారుమళ్లలో దిగి పురుగు గుడ్ల సముదాయాలను ఏరేశారు. తెల్లకంకులతో నిండాల్సిన చేలు నిలబడ్డాయి. అలాంటి రైతులే తర్వాత పక్క ఊళ్లలో బడులు నడిపారు. 1999లో తమకంటూ ఒక జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఆ ఏడాదికి ఇండొనేషియాలో బడి పూర్తి చేసిన రైతుల సంఖ్య పది లక్షలకు చేరింది.

వియత్నాంలో 1992 నుంచి, ఆ వెంటనే ఫిలిప్పీన్స్, బంగ్లాదేశ్, శ్రీలంక, చైనాలలో, 1990ల మధ్యలో ఘనా, కెన్యాలలో ఈ పద్ధతి వేళ్లూనుకుంది. ఇప్పటికి 90కి పైగా దేశాల్లో ఏదో ఒక రూపంలో ఉంది.

తెలుగు నేల మీద పొలంబడికి దారి వేసింది వరి కంటే ఎక్కువగా పత్తి. భారతదేశపు సాగు భూమిలో 5 శాతమే ఉన్న పత్తికి 1990ల్లో దేశంలోని పురుగుమందుల్లో దాదాపు సగం పోసేవారు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు, 1997-98లో వరంగల్ ప్రాంతంలో లద్దె పురుగు పత్తి రైతును అప్పుల్లోకి, ఆత్మహత్యల్లోకి తోశాయి. పత్తిలోనూ జరిగింది జావా కథే. మందు పెరిగేకొద్దీ పురుగు మొండికెత్తింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ సస్యరక్షణ శిక్షణ సంస్థ, కేంద్ర సమగ్ర సస్యరక్షణ కేంద్రాలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ వరిలో మొదలుపెట్టిన బడులు పత్తికి విస్తరించాయి. యూరోపియన్ యూనియన్ నిధులతో ఆహార వ్యవసాయ సంస్థ 2000 ప్రాంతం నుంచి 2004 దాకా ఆరు ఆసియా దేశాల్లో నడిపిన పత్తి కార్యక్రమంలో ఇక్కడి జిల్లాలూ ఉన్నాయి. పచ్చదోమను లెక్కపెట్టడం, చేను చుట్టూ బంతి, ఆముదం ఎర పంటలుగా వేయడం, లింగాకర్షక బుట్టల్లో పడిన రెక్కల పురుగులను బట్టి ముందుజాగ్రత్త పడడం ఈ బడుల్లో రైతులకు అలవాటైంది.

ఆ కార్యక్రమంలో భాగంగా ఫ్రాన్సెస్కా మన్సీని 2003లో జరిపిన అధ్యయనం ప్రత్యేకంగా చెప్పదగింది. మూడు ఊళ్లలో 50 మంది పత్తి రైతు మహిళలు, మందు కొట్టిన ప్రతిసారీ తమకూ ఇంటి మగవాళ్లకూ కలిగిన లక్షణాలను తామే బొమ్మల కాగితాల మీద గుర్తుపెట్టారు. నమోదైన 323 సందర్భాల్లో 83.6 శాతంలో తేలికపాటి నుంచి తీవ్రమైన విష లక్షణాలు కనిపించాయి. తీవ్రంగా జబ్బుపడినవాళ్లు కూడా ఆసుపత్రికి వెళ్లలేదు. మందు కలిపేది, బిందెలతో నీళ్లు మోసి డ్రమ్ములు నింపేది ఆడవాళ్లే అయినా, అంతకు ముందు శిక్షణలకు పిలుపు మాత్రం ఎక్కువగా మగవాళ్లకే అందేది. పొలంబడి ఈ అన్యాయాన్ని వెలుగులోకి తెచ్చింది.

అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల ఊరివాళ్లు స్వచ్ఛంద సంస్థల తోడుతో 2004 నాటికి రసాయన పురుగుమందు పూర్తిగా మానేశారు. పొలంబడికి, మందే వద్దనే ఈ ఉద్యమానికి తేడా ఉంది. మొదటిది అవసరమైతే మందును ఒప్పుకుంటుంది, రెండోది ఒప్పుకోదు. అయినా తర్వాత మహిళా సంఘాల ద్వారా రాష్ట్రమంతా నడిచిన సుస్థిర వ్యవసాయ కార్యక్రమం బోధనకు ఎంచుకున్నది రైతు క్షేత్ర పాఠశాలనే. అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ వంటి ఏడు కరువు జిల్లాల్లో భూగర్భ జలాల యాజమాన్య పథకం ఇదే పద్ధతిని నీటికి మలిచింది. రైతులు తామే బోరుబావుల నీటి మట్టం కొలిచి, వర్షం నమోదు చేసి, రబీలో ఎంత నీరుందో లెక్కగట్టి, ఏ పంట వేయాలో గ్రామసభలో మాట్లాడుకున్నారు.

ఇంత ఖర్చుకు తగ్గ ఫలితం ఉందా అన్న వాదన కూడా చరిత్రలో భాగమే. 2004లో ప్రపంచ బ్యాంకుకు చెందిన గెర్షన్ ఫెడర్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు 1991-99 మధ్య ఇండొనేషియా రైతుల వివరాలను విశ్లేషించారు. బడి చదివినవారి దిగుబడిలో గానీ మందుల వాడకంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదన్నారు, నేర్చుకున్నది పక్క రైతుకు పాకడం లేదన్నారు. దీనికి జవాబుగా 2007లో హెంక్ వాన్ డెన్ బెర్గ్, జానిస్ జిగిన్స్ అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసి, మందు తగ్గిందనీ, రైతులో నేర్చుకునే శక్తి పెరిగిందనీ చూపారు. రెండు పక్షాల్లోనూ కొంత నిజముంది. ఆర్థికవేత్తలు పరిశీలించిన ఆ ఏళ్లలోనే ఇండొనేషియా కార్యక్రమం ప్రపంచ బ్యాంకు అప్పుతో వేలాది ఊళ్లకు హడావుడిగా విస్తరించింది. ఆ తొందరలో శిక్షకుల నాణ్యత తగ్గింది. ఇక పక్క రైతుకు పాకలేదన్న ఆక్షేపణ నిజమే. రేడియోలో వచ్చే ఒక్క మాట చెవిన పడితే పాకుతుంది. వియత్నాం మెకాంగ్ డెల్టాలో 1994 నుంచి, విత్తిన 40 రోజుల దాకా ఆకు తినే పురుగులకు మందు కొట్టవద్దన్న ప్రచారం అలా పాకింది. సీజనంతా కళ్లతో చూసి సంపాదించిన నేర్పు గట్టు దాటాలంటే పక్క రైతు కూడా మడిలోకి దిగాలి.

ఇండొనేషియా జాతీయ కార్యక్రమం 1999లో ముగిసింది. తర్వాత వచ్చిన పథకాల్లో బడి పేరు మిగిలింది కానీ, వారాలు తగ్గాయి, విత్తనాలు, ఎరువుల పంపిణీ పెరిగింది. మందుల దుకాణాలు మళ్లీ ఊరూరా వెలిశాయి. ఏడాదికి మూడు పంటలు విరామం లేకుండా వేయడం అలవాటైంది. 2010-11లో జావాలో సుడిదోమ మళ్లీ పెద్ద ఎత్తున విరుచుకుపడింది. పొలంబడుల చరిత్రను గ్రంథస్థం చేసిన మానవ శాస్త్రవేత్త యునిత వినార్తో ఆ రోజుల్లోనే ఇంద్రమాయు రైతులతో కొత్త పని మొదలుపెట్టింది. అక్కడి రైతులు రోజూ పొద్దున తమ పొలంలో వర్షమాపకం చూసి వాన రాసుకుంటారు, దాని పక్కనే పైరు స్థితి, కనబడిన పురుగులు రాసి, నెలకోసారి కలిసి మాట్లాడుకుంటారు.

ఆంధ్రప్రదేశ్‌లోనూ పొలంబడి పేరు ప్రభుత్వ పథకాల్లో నిలిచే ఉంది. రాజేంద్రనగర్ సంస్థ ఇప్పుడు జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థగా మారి, పంట పర్యావరణ విశ్లేషణ ఆధారంగా ఒక్కో పంటకు సస్యరక్షణ పద్ధతులను రూపొందించింది. ఈ బడులు నడిపే అధికారులు ఖాతాలో చూపాల్సింది హాజరైన రైతుల సంఖ్య కాదు. నాట్ల నుంచి కోతల దాకా ఒక్క వారమూ తప్పకుండా బడి జరిగిందా, నిర్ణయం రైతే తీసుకున్నాడా అన్నవే చూపాలి. ఈ రెండూ లేని చోట జరిగింది పొలంబడి కాదు, మరో సభ మాత్రమే.